కాణిపాకం ప్రమాణం, ఒకటో తరగతి ప్రతిజ్ఞ

అమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. తిరుపతిలో ప్రైవేటు స్కూలు, పాప ఒకటో తరగతి. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి అసెంబ్లీలో ప్రతిజ్ఞ చివర ఒక వాక్యం కలిపి చెప్పిస్తున్నారు: "భగవంతుని సాక్షిగా, ఆయన బిడ్డగా నా దేశానికి సేవ చేస్తానని ప్రమాణం చేస్తున్నాను" అని. మీ పాప పక్కన నిలబడే ముస్లిం పాప ఆ వాక్యం దగ్గర నోరు మెదపలేదని టీచర్ కసిరింది. మీ పాప ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పింది. మీ ఆయనేమో "దేవుడి పేరు చెబితే తప్పేముంది, తిరుపతిలో ఉండి మనం అడగాల్సిన ప్రశ్నేనా ఇది" అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య "ఇక్కడ మావాడు రోజూ బడి ప్రతిజ్ఞలో అండర్ గాడ్ అంటున్నాడు, కొంపేం మునగలేదు" అన్నాడు. మీరు పూజలూ వ్రతాలూ చేసుకునే మనిషే. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

నేను 1985లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరి 2019లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. సగం సర్వీసు చిత్తూరు జిల్లా పడమటి ఊళ్ళలో, సగం తిరుపతి చుట్టుపక్కల. సెలవులు తీసేసినా ఏడువేల సార్లకు తక్కువ కాకుండా ప్రతిజ్ఞ విని ఉంటాను. ఆ వాక్యం అక్కడ ఉండకూడదు, అదీ నా మాట. దేవుడంటే గిట్టక అంటున్నానేమో అనుకోవద్దు, శనివారం ఒక్కపొద్దుండే మనిషిని. దేవుడి ముందు ప్రమాణం అంటే ఏమిటో మన జిల్లావాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, అందుకే అంటున్నాను.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా చిన్నాయనకూ, ఆయన మామిడితోట గుత్తకు తీసుకున్నాయనకూ తగాదా వచ్చింది. తోతాపురి తోట. రెండో కంతు రెండువేలు ఇచ్చానని ఆయన, ముట్టలేదని మా చిన్నాయన. కాగితం లేదు. పెద్దమనుషులు వారంరోజులు నానబెట్టి చివరికి మన వైపు ఎప్పుడూ అనే మాటే అన్నారు: "కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?" ఇద్దరూ సరేనన్నారు. బస్సెక్కాం, నేనూ వెంట పోయాను. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి చెప్పాలి. ఆ గుత్తాయన కోనేటి మెట్ల మీద చొక్కా విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకొని నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. పావుగంట కూర్చున్నాడు. తర్వాత లేచి చొక్కా తొడుక్కొని, "రెండువేలే కదబ్బా, మళ్ళీ ఇస్తాలే, పాండి ఇంటికి పోదాం" అన్నాడు.

ఆయన అబద్ధమాడి దొరికిపోయాడని ఊరంతా అనుకుంది. నేను ఇప్పటికీ అట్లా అనుకోను. ఎక్కడ ఏ నోటు లెక్క తప్పిందో, ఏ తేదీ మరిచిపోయానో అని నిజం చెప్పేవాడికి కూడా అక్కడ కాళ్ళు వణుకుతాయి. మా చిన్నాయన అంతసేపూ చెప్పులు కూడా విడవలేదు. అది ఎవరూ గమనించలేదు.

ఎన్నికలప్పుడు నాయకులు "దమ్ముంటే కాణిపాకం రా" అని సవాళ్ళు విసురుకుంటారు కదా. ఎంతమంది కోనేటిదాకా పోతారో మీరే చూస్తుంటారు.

అంత బరువున్న మాటను ఆరేళ్ళ పిల్లచేత పొద్దున తొమ్మిదింటికి, పీఈటీ సార్ "సావధాన్" అనగానే, ఆదివారం తప్ప రోజూ చెప్పిస్తే ఏమవుతుంది? పిల్ల దాన్ని నిజంగానే నమ్మిందనుకోండి, సాయంత్రం అన్న బిస్కెట్ దొంగతనంగా తిన్నప్పుడు దేవుడికిచ్చిన మాట తప్పానని లోపల్లోపల కుమిలిపోతుంది. అట్లాంటి పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని చూశాను. నమ్మలేదనుకోండి, అది ఇంకా చెడ్డది. దేవుడి సాక్షి అంటే ప్రేయర్లో అందరితో కలిసి అరిచే మాట, అంతకుమించి ఏమీ లేదని నేర్చుకుంటుంది. మీ ఆయన భక్తిపరుడు కాబట్టి ఆయనకు ఈ రెండోది చెప్పి చూడండి.

మన చట్టం కూడా ఈ సంగతి గ్రహించింది. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఒక వెసులుబాటుంది. కోర్టుకు సాక్ష్యం చెప్పడానికి పన్నెండేళ్ళలోపు పిల్లలొచ్చి, నిజం చెప్పాలని వాళ్ళకు తెలిసినా ప్రమాణం అంటే ఏమిటో తెలియదని జడ్జికి అనిపిస్తే, ప్రమాణం చేయించకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ఇంకొకరి ఆస్తీ ప్రాణం తేలాల్సిన చోటే పిల్లల్ని ప్రమాణం నుంచి వదిలేశారు. రేపు అసెంబ్లీకి, అదే శాసనసభకు, గెలిచినవాళ్ళ ప్రమాణస్వీకారం టీవీలో వచ్చినప్పుడు చూడండి. కొందరు "దైవసాక్షిగా" అంటారు, కొందరు దేవుడి ఊసు లేకుండా "ఆత్మసాక్షిగా" అంటారు. ఎవరికి ఏది ఇష్టమైతే అది చెప్పుకోవచ్చని రాజ్యాంగం మూడో షెడ్యూల్లోనే రాసిపెట్టారు. యాభై ఏళ్ళ ఎమ్మెల్యేకు ఉన్న ఆ వీలు ఆరేళ్ళ పిల్లకు లేకుండా చేసింది మీ స్కూలు.

ఇప్పుడు అసలు ప్రతిజ్ఞ సంగతి. అది తెలుగువాడు రాసింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ, చైనాతో యుద్ధం వచ్చిన 1962లో రాశారు. తెన్నేటి విశ్వనాథంగారి ద్వారా అది అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారి దగ్గరికి చేరింది. 1963లో విశాఖలో ఒక బడిలో మొదట చదివారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా మొదలైంది. చాలా ఏళ్ళపాటు పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండేది కాదు. ట్రెజరీ ఉద్యోగి కదా, బిల్లులు పాస్ చేసిన చేతికి సంతకం పెట్టుకోవడం గుర్తురాలేదేమో.

ఆ పాఠం ఒకసారి నిదానంగా చదవండి. "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అంటుంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు, వాళ్ళను గౌరవిస్తానంటుంది. ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటానంటుంది. దేవుడు ఎక్కడా రాడు. యుద్ధం జరుగుతున్నప్పుడు, జనం గుళ్ళలో పూజలు చేయిస్తున్నప్పుడు రాసిన మనిషి కావాలనుకుంటే ఒక్క ముక్క వేయలేకనా? రెండో వాక్యంలో అందరూ సహోదరులని చెప్పి, చివరి వాక్యంలో వాళ్ళలో కొందరు గొంతు కలపలేని మాట పెడితే రెండో వాక్యం అబద్ధమైపోతుంది. మీ స్కూలువాళ్ళు కలిపిన వాక్యం ఆ పని చేసింది.

దేశం కూడా ఈ ప్రశ్న ముందే ఎదుర్కొంది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ పీఠికను "దేవుని పేరిట" అనే మాటతో మొదలుపెడదామన్నారు. ఆలోచన, విశ్వాసం, ఆరాధన స్వేచ్ఛ ఇస్తామని చెప్పే పీఠికలోనే ఇట్లా పెడితే ఎట్లా అని హృదయనాథ్ కుంజ్రూ లాంటివాళ్ళు ఒప్పుకోలేదు. ఓటింగు పెట్టారు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. అట్లా ఓటేసిన 68 మందీ నాస్తికులేం కాదు.

"పిల్లలకు ఏం అర్థమవుతుంది సార్, నోటికి వచ్చింది చెప్తారు, నష్టమేంటి" అని నన్ను చాలామంది అడిగారు. అర్థం కాదనేది నిజమే. నేను పనిచేసిన ఒక బడిలో మూడో తరగతి పిల్లవాడు ఏడాదిపాటు "సేవానిరతితో" అనే చోట "సేమియా నిరతితో" అన్నాడు. మంచి గొంతు, మైకులో వాడే చెప్పించేవాడు. బడి మొత్తం సేమియాకు అలవాటు పడింది. నేనే ఒకరోజు గమనించి అడిగితే, "దేశానికి సేమియా పెడతామని కదా సార్" అన్నాడు. నిజం చెప్పాలంటే అది అంత చెడ్డ ప్రతిజ్ఞేం కాదు.

కానీ పిల్లలకు ఒకటి మాత్రం మనకంటే బాగా అర్థమవుతుంది. ఎవరు మనలో ఉన్నారు, ఎవరు లేరు అన్నది. నా చివరి బడిలో ఇట్లాగే ఎవరో టీచర్ ఉత్సాహపడి ప్రేయర్ తర్వాత ఒక భక్తివాక్యం చేర్చారు. రెండో తరగతి వరసలో ఇద్దరాడపిల్లలు మాట్లాడుకుంటుంటే వెనక నిలబడి విన్నాను. ఒకతె అంటోంది: "ఆ లైన్ వచ్చినప్పుడు నువ్వు గట్టిగా చెప్పు. నేను పెదాలు ఆడిస్తా. మిస్‌కు నేనే చెప్పినట్టుంటుంది." ఆ పిల్ల మసీదు వీధి నుంచి వచ్చేది. ఏడేళ్ళ వయసులో దేశభక్తి పేరు మీద ఆ బిడ్డ నేర్చుకుంది నటన. మరుసటిరోజు ఆ వాక్యం తీయించాను. ఆ టీచర్ నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఇంత పెద్దమనిషిలా మాట్లాడుతున్నాను గానీ, నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. 1988లో, పడమటివైపు ఒక ఊరు. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు. వాళ్ళది యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. వాడు జనగణమన అప్పుడు నిటారుగా నిలబడేవాడు, పెదవి కదిలేది కాదు. ప్రతిజ్ఞకూ అంతే. నాకు అప్పుడు ముప్పై కూడా లేవు, ఒళ్ళంతా దేశభక్తి. అసెంబ్లీ అయ్యాక జెండా కొయ్య దగ్గర ఇంటర్వెల్ బెల్లు కొట్టేదాకా వాణ్ణి నిలబెట్టాను. మొదటిరోజు, రెండోరోజు. మూడోరోజు నేను చెప్పకముందే వాడంతట వాడే పోయి కొయ్య దగ్గర నిలబడ్డాడు. ఏడవలేదు, నావైపు చూడలేదు. ఆ మధ్యాహ్నం వాళ్ళ నాయన వచ్చాడు. సైకిల్ షాపు ఆయన, చేతులకు గ్రీజు ఇంకా ఉంది. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకొని అన్నాడు: "వాడు నిలబడతాడు సార్. ఎంతసేపైనా నిలబడతాడు. పాడమని మాత్రం అనొద్దు సార్."

అప్పటికి సుప్రీంకోర్టు తీర్పు వచ్చి రెండేళ్ళు. నాకు తెలియదు, మా హెడ్మాస్టరుకూ తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత కార్వేటినగరంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో ట్రైనింగుకు పోయినప్పుడు ఒక లెక్చరర్ మాటల్లో ఆ కేసు చెప్పాడు. మధ్యాహ్నం అన్నం సహించలేదు. కేరళలో అదే విశ్వాసానికి చెందిన ముగ్గురు అన్నాచెల్లెళ్ళు, జాతీయగీతం అప్పుడు గౌరవంగా నిలబడతారు గానీ పాడరు. 1985 జులైలో బడి నుంచి పంపేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. గీతం పాడనంత మాత్రాన అవమానించినట్టు కాదు, నిలబడ్డారు, అది చాలు అంది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువాడు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని ఆఖర్న రాశారు. ఆ కేసు గీతం గురించి, ప్రతిజ్ఞ గురించి కాదు. అయినా అందులో చెప్పిన న్యాయం రెంటికీ సరిపోతుంది. మీ పాప పక్కన నిలబడి నోరు మెదపని ఆ బిడ్డను కసిరే హక్కు ఏ టీచర్‌కూ లేదు.

ఇక మీ అన్నయ్య మాట. నేను 2022లో ఆర్నెల్లు మా అమ్మాయి దగ్గర, ఆ డల్లాస్ వైపే ఉన్నాను, కాబట్టి ఆయన చెప్పేది నాకు తెలుసు. టెక్సాస్‌లో పిల్లలు పొద్దున్నే ఒకటి కాదు, రెండు ప్రతిజ్ఞలు చెప్తారు. ఒకటి దేశం జెండాకు, ఒకటి టెక్సాస్ జెండాకు. టెక్సాస్ దాంట్లో దేవుణ్ణి 2007లో చేర్చారు. దేశం ప్రతిజ్ఞ కథ ఇంకా విచిత్రం. 1892లో రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ చర్చి పాస్టరు. అయినా ఆయన అందులో దేవుడి పేరు పెట్టలేదు. 62 ఏళ్ళు దేవుడు లేకుండానే నడిచింది. 1954లో రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధం ముదిరినప్పుడు, వాళ్ళు దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టులు, మనం వేరే అని చూపించుకోవడానికి జూన్ 14న అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకం పెట్టి "అండర్ గాడ్", అంటే దేవుడి కింద అనే మాట, చేర్చారు. పిల్లల్లో భక్తి పెంచాలన్నదానికంటే ఎదుటి దేశానికి జవాబు చెప్పాలన్నదే ఎక్కువ.

మీ అన్నయ్య చెప్పని సగం ఇంకోటుంది. 1940లో అక్కడి సుప్రీంకోర్టు, జెండాకు వందనం చేయని యెహోవాసాక్షుల పిల్లల్ని బడి నుంచి పంపేయడం సబబే అంది. ఆ తర్వాత వాళ్ళ మీద ఊరూరా దాడులు జరిగాయి. మూడేళ్ళకే, 1943 జూన్ 14న, అదే కోర్టు తన మాట తానే తిరగేసి, ఏ పిల్లవాణ్ణీ బలవంతపెట్టకూడదంది. చిన్నపరెడ్డిగారు మన తీర్పులో ఆ కేసును ప్రస్తావించారు కూడా. కాబట్టి డల్లాస్‌లో మీ మేనల్లుడికి ఇష్టం లేకపోతే మీ అన్నయ్య బడికి ఒక కాగితం రాసిస్తే చాలు, రెండు ప్రతిజ్ఞల నుంచీ వాణ్ణి వదిలేయాలని టెక్సాస్ చట్టంలోనే ఉంది. అమెరికా మాట ఎత్తితే ఆ కాగితం సంగతి కూడా ఎత్తాలి.

చెయ్యి సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. అమెరికా పిల్లలు మొదట్లో ప్రతిజ్ఞకు కుడిచెయ్యి ముందుకు చాపేవాళ్ళు. హిట్లర్ మనుషుల వందనంలా ఉందని 1942లో మాన్పించి గుండెమీద పెట్టుకోమన్నారు. మన పిల్లలు ఇప్పటికీ చాపే చెప్తారు. సగం ప్రతిజ్ఞకే చెయ్యి నొప్పి పుట్టి ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకునే చిన్నపిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

మా మనవణ్ణి ఒకరోజు అడిగాను, "అండర్ గాడ్ అంటే ఏందిరా నాయనా" అని. వాడు నన్ను చెయ్యిపట్టుకొని తీసుకుపోయి దేవుడి అరమర చూపించాడు. పైన వెంకటేశ్వరస్వామి పటం, కింద సొరుగు. సొరుగు లాగి చూపించాడు. కర్పూరం, వత్తులు, అగ్గిపెట్టె. "దిస్ ఈజ్ అండర్ గాడ్, తాతా." ఇంతకంటే మంచి వ్యాఖ్యానం ఏ కోర్టులోనూ రాలేదు. 2004లో ఒక కాలిఫోర్నియా తండ్రి ఆ రెండు మాటల మీద సుప్రీంకోర్టుదాకా పోయాడు. ఆ పాప తల్లికేమో ఏ అభ్యంతరమూ లేదు. పాప తరఫున మాట్లాడే హక్కు తండ్రికి సరిగ్గా లేదని కోర్టు అసలు విషయం తేల్చకుండానే కొట్టేసింది. అదీ జూన్ 14నే. ఆ కథ నేను మీకు చెప్పేది ఒక్కందుకే: మీరూ మీ ఆయనా ఒకమాట మీదికి రాకుండా స్కూలు గడప తొక్కొద్దు.

"అట్లయితే జనగణమనలో భాగ్యవిధాత ఎవరు సార్, దేవుడు కాదా" అని మీ ఆయన అడుగుతారు. అడగనీండి, మంచి ప్రశ్న. అవును, భాగ్యవిధాతే. ఆ పాటకు మన జిల్లాతో చుట్టరికం కూడా ఉంది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లె థియసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ప్రిన్సిపాల్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ దాని బాణీకి స్వరలిపి రాసింది. మదనపల్లె అప్పుడు చిత్తూరు జిల్లానే. మనం పాడని రెండో చరణంలో హిందూ, బౌద్ధ, సిక్కు, జైన, పారసీక, ముస్లిం, క్రైస్తవులందరినీ టాగూర్ పేరుపేరునా పిలిచాడు. ఆ భాగ్యవిధాతకు ఏ గుడీ లేదు. పైగా పాట వేరు, ప్రమాణం వేరు. పాటలో "నేను ఫలానా దేవుడి బిడ్డను" అని నా నోటితో ఒప్పుకోను. అయినా ఆ పాటను కూడా పాడనివాళ్ళను మన కోర్టు వదిలేసిందని పైన చెప్పాను.

నేను చదివింది మిషన్ స్కూల్లో. "పరలోకమందున్న మా తండ్రీ" ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. సాయంత్రం ఇంటికొస్తే మా అవ్వ విష్ణు సహస్రనామం చదివించేది. నాకేం కాలేదు. అందుకే ప్రార్థన మీద నాకు పెద్దగా కోపం లేదు. ప్రార్థన వినొచ్చు, తల వంచుకొని నిలబడొచ్చు, మనసులో మన దేవుణ్ణి తలచుకోవచ్చు. నేను చాలాసార్లు గోవిందా అనుకున్నాను, ఫాదర్‌కు తెలియదు. ప్రతిజ్ఞలో ఆ వీలు లేదు. అక్కడ ప్రతి క్రియాపదంలోనూ "నేను" ఉంటుంది.

తిరుపతిలో ఉండి అడగొచ్చా అంటే, తిరుపతిలో ఉన్నవాళ్ళే అడగాలి. తిరుమలలో ఇతర మతస్థులు దర్శనానికి వస్తే స్వామిమీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ మీద సంతకం అడుగుతారు. అబ్దుల్ కలాంగారు రాష్ట్రపతిగా ఉండి కూడా పెట్టారు. దాని మీద వాదాలుంటే ఉండనీండి. నేను చూసేది ఒక్కటే: స్వామివారి గడప దగ్గరే విశ్వాసాన్ని పెద్దమనిషి సంతకంగా అడుగుతారు, ఊరికే ఉందనుకోరు. కొండ కింద బడిలో ఆరేళ్ళ పిల్లచేత అడక్కుండానే చెప్పించేస్తున్నారు.

దేవస్థానంవాళ్ళ విద్యాసంస్థల్లాంటివి వేరే లెక్క. మతబోధ చేయాలనే షరతుతో పెట్టిన ట్రస్టు సంస్థలకు రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఒక మినహాయింపు ఉంది. కానీ అదే అధికరణం మూడో క్లాజు మీకు కావాల్సింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడైనా, ప్రభుత్వ సాయం తీసుకునే బడైనా, మైనర్ పిల్లల్ని గార్డియన్ ఒప్పుకోకుండా మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదు. మీది ప్రైవేటు స్కూలే అయినా గుర్తింపు ఉంటుంది కదా, వర్తిస్తుంది. ఈ అధికరణం నంబరు మాత్రం మొదటిరోజే బయటికి తీయొద్దు. కరస్పాండెంట్ల సంగతి నాకు తెలుసు. చట్టం పేరెత్తగానే వాళ్ళు లాయరుకు ఫోన్ చేస్తారు, వాక్యం మాత్రం అక్కడే ఉంటుంది.

మొదట ఆ ముస్లిం పాప వాళ్ళమ్మతో మాట్లాడండి. స్కూలు గేటు దగ్గర, మామూలుగా. ఆమెకు ఇది పెద్దది కావడం ఇష్టమో కాదో కనుక్కోండి. ఆమె పేరుతో మనం యుద్ధం మొదలుపెట్టి, రేపు ఆమె బిడ్డను అందరూ వేలెత్తి చూపిస్తే, కసిరిన టీచర్ కంటే మనమే ఎక్కువ హాని చేసినవాళ్ళమవుతాం. ఆమె వద్దంటే ఆమె ప్రస్తావనే తేకుండా మీ పాప తల్లిగా మీరు అడగండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. పెట్టిన పది నిమిషాలకు అది ప్రతిజ్ఞ గురించి ఉండదు.

తర్వాత క్లాస్ టీచర్. ఆమెకు కూడా ఇది పైనుంచి వచ్చిందే అయ్యుంటుంది. ఆమె చేతుల్లో లేదంటే ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం. ఇట్లా రాయండి: "మా పాప తెలుగు వాచకం మొదట్లో అచ్చయిన ప్రతిజ్ఞకూ, అసెంబ్లీలో చెప్పిస్తున్న ప్రతిజ్ఞకూ చివర ఒక వాక్యం తేడా ఉంది. పాప ఏది నేర్చుకోవాలో తెలియక తికమకపడుతోంది. పుస్తకంలో ఉన్నట్టే చెప్పించగలరని మనవి." అంతే. దేవుడి మాట ఎత్తొద్దు, మతం మాట ఎత్తొద్దు. వాదన పుస్తకానికి వదిలేయండి. ప్రభుత్వం అచ్చువేసిన ప్రతిజ్ఞను మేం మార్చాం అని ఏ ప్రిన్సిపాలూ కాగితం మీద రాసివ్వడు. నేను హెడ్మాస్టరుగా ఉండగా అట్లాంటి ఉత్తరం వస్తే పదో నిమిషంలో సరిచేసేవాణ్ణి. భక్తిగీతం పెట్టుకోవాలని వాళ్ళకు అంత మనసుంటే ప్రార్థన సమయంలో పెట్టుకోమనండి, ఇష్టం లేని పిల్లలు ఊరకే నిలబడతారు.

రెండు వారాలు ఆగినా కదలకపోతే అప్పుడు 28వ అధికరణం తీయండి, మండల విద్యాధికారికి కాపీ పెట్టండి. అంతదాకా పోదనే నా నమ్మకం.

పాపతో ఏం చెప్పాలి అని అడిగారు. నోరు మూసుకొని నిలబడమని మాత్రం నేర్పించొద్దు. మీ ఇంట్లో దేవుడున్నాడు, ఆ పిల్లకు ఆ వాక్యంతో ఇబ్బంది లేదు, మన పట్టుదల కోసం దానిచేత ఉద్యమం చేయించకూడదు. పక్కపాప చెప్పకపోతే అది తప్పు కాదని, టీచర్ అడిగితే "వాళ్ళింట్లో వేరేగా మొక్కుతారు మిస్" అని చెప్పొచ్చని చెప్పండి. ఆరేళ్ళ పిల్లలకు ఇది మనకంటే తేలిగ్గా అర్థమవుతుంది.

పాప సాయంత్రం ఇంట్లో ఆడుకుంటూ కూడా ఆ వాక్యం చెప్తోంది, ఆపమనాలా అన్నారు. ఆపొద్దు. ఆపితే వంద సార్లు చెప్తుంది. స్కూల్లో ఆగిన నెలకు అదే మరిచిపోతుంది. డైరీలో ఆ ప్రతిజ్ఞ అచ్చువేసి ఉంటే ఆ పేజీ ఒకసారి ఇక్కడ పెట్టండి, స్కూలు పేరు కనపడకుండా. ఉత్తరం నేనే రాసిపెడతాను, మీరు సంతకం పెట్టి ఇవ్వడమే.